గ్యారంటీ బాబాయి, వదినగారి గొంతు

ఆ వీధిలో మిక్సీ మూలిగినా, ఫ్యాను ఆవలించినా అందరూ గ్యారంటీ బాబాయి కొట్టుకే పరిగెత్తేవారు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, నోటి అలవాటు వల్ల అంటుకున్నది. స్క్రూ విప్పకముందే "నాదీ గ్యారంటీ" అనేవాడు. వస్తువు మళ్ళీ మొరాయిస్తే తప్పు కరెంటుది, కాకపోతే వాడినవాళ్ళది, ఎవరూ దొరక్కపోతే వానది. యాభై రెండేళ్ళలో "తప్పు నాది" అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కట్టుకున్న ఇల్లాలే వినలేదంటే చూసుకోండి.

ఒక ఆదివారం పొద్దున్నే ఆ కొట్టుకి వాళ్ళ వదినగారు, అంటే భార్య అక్క, రికార్డు ప్లేయరొకటి చంకనబెట్టుకుని వచ్చింది. ఓడలో వంట చేసే అల్లుడు ఏదో రేవులో ముచ్చటపడి కొన్నాడట. చేతిసంచిలో, పాత చీర మడతల మధ్య, చిన్న రికార్డు. పెళ్ళికి ముందు ఆవిడ పాడిన ఒకే ఒక్క పాట. ఆడించే మిషను లేక ముప్పై ఏళ్ళుగా తన గొంతు తానే వినలేదు పాపం.

"ఇది మన కరెంటుకి పనికొస్తుందా మరిదీ?"

వెనక రేకు మీద నూట పది వోల్టులని రాసుంది. మన గోడలో ఉన్నది రెండువందల ముప్పై.

"అదెంత పని వదినా! వోల్టేజీ సగానికి దింపే ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే పిల్లిలా పడుంటుంది. నాదీ గ్యారంటీ."

పక్కనే అరవై హెర్ట్జ్ అని ఇంకో అంకె ఉంది. కళ్ళజోడు నుదుటి మీద ఉండటం వల్ల అది ఆయన కంట పడలేదు.

సాయంత్రం వదినగారింట్లో ప్లేయరు పెట్టారు. తోడల్లుడు పడక్కుర్చీలో వాలి, "ఆ గొంతు వినే పెళ్ళికి ఒప్పుకున్నానోయ్, తేనె!" అన్నాడు. ముల్లు రికార్డు మీద వాలింది. ముందు జలుబు చేసిన వయొలిన్. ఆ వెనక, నాలుగు బస్తాలు మోసి ఐదోదాని మీద కూలబడ్డ మగమనిషి గొంతు.

తోడల్లుడు లేచి కూర్చున్నాడు. "ఈ ఆసామి ఎవరోయ్?"

"ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉందన్నయ్యా. రికార్డే అలా ఉంది," అనేశాడు బాబాయి. అలవాటు కదా, నోరు ఆగదు.

వదినగారు నవ్వలేదు. "అయితే నేనిలాగే పాడానన్నమాట. అందరూ మొహమాటానికి మెచ్చుకున్నారు," అని కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మూడు రోజులు పోయాక ఇల్లాలు అన్నం వడ్డిస్తూ అంది: "అక్క పాడటం మానేసిందండీ. బట్టలు మడతపెడుతూ కూనిరాగమైనా తియ్యట్లేదట. బావగారికి ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు."

"రికార్డు..."

"రికార్డు కాదు, మీరు!"

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేశాడు. మర్నాడే, దుమ్ము దులుపుతానని వంక చెప్పి, ప్లేయరూ రికార్డూ కొట్టుకి తెచ్చుకున్నాడు. తిరిగే పళ్ళెం మీద కాగితం ముక్క అంటించి, గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాలి. ముప్పై ఏడు దాటి ఆయాసపడుతోంది. కళ్ళజోడు కిందికి దించి రేకు చూశాడు. అరవై! మన కరెంటు సెకనుకి వేసే తాళాలు యాభై. ఆ మోటారేమో కరెంటు వేసే తాళానికే అడుగులేసే రకం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ దింపుతుందే గానీ తాళం మార్చదు. తాళం మందగించి, వదినగారు మగవాడైపోయింది.

మోటారు ఇరుసు మీది చిన్న కప్పీకి టేపు చుట్టాడు. కప్పీ లావెక్కితే బెల్టు పళ్ళేన్ని జోరుగా తిప్పుతుంది. మొదట మరీ ఎక్కువ చుట్టేసరికి వదినగారు పలకాబలపం పట్టిన పిల్లయిపోయింది. కొంచెం కొంచెం ఊడదీస్తూ నలభై ఐదుకి తెచ్చాడు.

రికార్డు తుడిచాను, బాగైంది అంటే చాలు, పరువు దక్కుతుంది. భార్యని వెంటబెట్టుకుని వెళుతూ దారంతా అదే వల్లెవేశాడు. తీరా వెళితే వదినగారు నోరు బిగించుకుని దుప్పటి మడతపెడుతోంది.

జేబులో టెస్టరు తిప్పుతూ, "వదినా, రికార్డుకేం కాలేదు. తప్పు... తప్పు నాదే," అన్నాడు.

ఇల్లాలు గోడ పట్టుకుంది. "ఏమండీ, ఏదీ, మళ్ళీ ఒక్కసారి అనండి!"

"రోజుకొక్కసారే," అని ఆయన ముల్లు దించాడు.

వచ్చింది గొంతు. సన్నగా, తేటగా, కాస్త గడుసుగా. "ఇదీ!" అని తోడల్లుడు కుర్చీ చేతిమీద చరిచాడు. వదినగారి చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. రెండో చరణంలో పైకెళ్ళేచోట ఆ గొంతు చిన్నగా జారింది. అందరూ ఠక్కున బాబాయి వైపు తిరిగారు.

ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. "అమ్మతోడు, ఇది నాది కాదు!"

"నాదే మరిదీ," అంది వదినగారు, ముఖమంతా వెలిగిపోతూ. "ఆనాడు పాడినప్పుడే జారాను. ఒక్కళ్ళూ కనిపెట్టలేదు." దుప్పటి ఆయన చేతిలో పడేసి, జారినచోటి నుంచి ఈసారి సరిగ్గా అందుకుంది.