మోన్సిన్యోర్ గారి మూడో ట్రయల్

1956. కడపలో మసీదు పక్క సందులో నాకు చిన్న కుట్టు అంగడి ఉండేది. చొక్కాలు, షేర్వాణీలతో పాటు చర్చి ఫాదర్లు తొడిగే క్యాసక్ కూడా కుట్టేవాణ్ణి. క్యాసక్ అంటే మెడ నుంచి మడమల దాకా వచ్చే నిలువుటంగీ.

ఆ ఎండాకాలం రాయచోటి దారిలోని ఒక పల్లె నుంచి ముసలి ఫాదరొకాయన బస్సులో వచ్చాడు. ఆయనకు రోము నుంచి పెద్ద బిరుదు వచ్చిందట. ఇక మీదట తెల్ల క్యాసక్‌కు ఊదారంగు బొత్తాలు, అంచు వెంట పైపింగ్, అంటే సన్నటి ఊదా గుడ్డవార, ఉండాలన్నాడు.

"ఏం బిరుదు సామీ?" కొలతలు తీస్తూ అడిగాను.

"మోన్సిన్యోర్. ఇటలీ మాటప్పా. 'నా దొర' అని అర్థం. పోపుగార్లు కొంతకాలం ఫ్రాన్సు దేశంలో ఉండిరి. ఆడ పెద్దోళ్లను అట్ల పిలుస్తాండ్రి. ఆ మాట మా గురువులకూ అంటుకునె."

"అయితే మీరిప్పుడు దొరలు!"

ఆయన నవ్వాడు. "ఇంకా ఎనక్కి పోతే లాటిన్‌లో దాని మూలం 'వయసులో పెద్దోడు' అనే మాటే. అది మాత్రం నాకు సరిపోతాది."

మొదటి ట్రయల్‌లో భుజం సరిచేశాను. రెండోసారికి అంగీ సరిగ్గా కుదిరింది. ఇచ్చి పంపాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు.

"మెడ కాడ బిగుతుగా ఉండాదప్పా."

తొడిగించి చూశాను. కాలరు లోపల నా రెండు వేళ్లు సులువుగా పట్టాయి. రంజాన్ పండగ దగ్గర పడింది, బల్ల మీద గుడ్డలు కుప్పగా ఉన్నాయి. విసుగొచ్చింది.

"ఏం బిగుతు లేదు సామీ. దీనికోసం ఇంత దూరం మల్లా రావద్దు."

"రావద్దా? అట్లనే," అన్నాడు. అంగీ మడిచి చంకన పెట్టుకుని, గడపలో కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

పండగ దాటాక రాయచోటిలో బంధువుల పెళ్లికి పోయి, తిరుగు బస్సులో వస్తూ ఆ పల్లెలో దిగాను. మిట్టమధ్యాహ్నం. చర్చి పక్క ఇంటి వరండాలో ఆయన ఒక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. వంటమనిషి నన్ను ఆపి మెల్లగా చెప్పింది.

"ముందు ఊరోళ్లంతా ఈడ కూసోని కతలు చెప్పుకుంటాండ్రి. దొర అయినాడని తెలిసినంక, చేతికి ముద్దు పెట్టి దూరంగా నిలబడి పోతాండారు."

ఆయన దగ్గరికి పోయి, "భుజం కాడ కుట్టు వదులైందేమో చూద్దామని దిగినా సామీ," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఇంకో కుర్చీ లాగాడు.

"శానా వదులైంది. ముందు కూసో."

బిగుతు లేదని నేనన్నది నిజమే. కానీ కుట్టుపని చేసేవాడు గుడ్డతో పాటు మనిషిని కూడా చూడాలని నాకు అప్పటికి తెలియదు. ఆ తర్వాత ఎన్నోసార్లు నేనే ఆ పల్లెలో దిగాను. ఆయన మాత్రం నా అంగడికి మళ్లీ రాలేదు.