కుడివైపు కొలవని చక్రం

నాకు ఇంజనీరు చదువు లేదు. చూసి నేర్చుకున్నదే. ఇక్కడ గల్ఫ్‌లో, సువైక్‌లోని మా గ్యారేజీకి నిన్నగాక మొన్న వచ్చిన సూపర్‌వైజర్ మాత్రం "టేపు పట్టుడు నీకేం తెలుసు కాకా" అంటాడు. అతనిదీ మా జగిత్యాల దిక్కే. అందుకే ఇంకా మండుతుంది.

ఈ చలికాలం ఒక అర్బాబ్, ఇక్కడి అరబ్బు ఆసామి, తన తండ్రి నడిపిన పాత అమెరికా కారు తెచ్చాడు. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, స్టార్ట్ చేస్తే మన ఛాతీలో మోగుతుంది. వెనక వెడల్పు చక్రాలు కావాలన్నాడు. "కానీ బాబా, మా నాయన కారు రేకుకు గ్రైండర్ తగలొద్దు" అని హిందీలో ఒకటికి రెండుసార్లు చెప్పాడు. మాటిచ్చాను.

"అంత టైరు పట్టదు. మడ్‌గార్డు లోపలి అంచు కోయాల్సిందే" అన్నాడు సూపర్‌వైజర్.

"కోసుడు నీకొచ్చు, కొలుసుడు నాకొచ్చు" అన్నాను.

బండి కింద దూరి ఎడమవైపు చక్రానికీ మడ్‌గార్డు అంచుకూ నడుమ సందు కొలిచి, ఆ లెక్కనే రిమ్ములు, టైర్లు తెప్పించాను. బిగించాం. జాకీ మీద చక్రాలు హాయిగా తిరిగాయి.

అయినా నా మనసు ఒకచోట నిలవలేదు. ఖాళీ బండి తిరిగితే ఏం లాభం? ఇక్కడివాళ్లు కారెక్కితే ఒక్కరెక్కరు. మా రూమ్ నుంచి నలుగురిని పిలిచి కూచోబెట్టాను.

"పెండ్లికి తోల్కపోతున్నవా కాకా?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"నీ మొఖానికి పెండ్లొకటి! బరువుగ కూసో."

కదిలించగానే కుడివైపు టైరు బర్రున గీరింది. ఎడమవైపు ఏమీ లేదు. మళ్లీ కిందికి దూరాను. పాత బండి, యాక్సిల్ అర వేలు మందం కుడికి జరిగి ఉంది. ఒకవైపు కొలిచి రెండోదీ అంతే అనుకున్నాను! ఇన్నేళ్లు ఏం పీకినట్టు?

సూపర్‌వైజర్ గ్రైండర్ తెచ్చి ప్లగ్గు పెట్టాడు. నేను పీకేశాను.

"అర్బాబ్ సాయంత్రం వస్తడు. అందాక ముట్టకు."

రూమ్‌వాళ్లు శుక్రవారం ఆడే క్రికెట్ స్టంపు ఒకటి తెప్పించాను. రంగు పగలకుండా అంచును వేడిగాలితో కాచి, టైరుకూ అంచుకూ నడుమ స్టంపు దూర్చాను. నలుగురూ బండిని జానెడు ముందుకు, జానెడు వెనక్కు తోశారు. స్టంపు దొర్లినకొద్దీ అంచు లోపలికి మడుచుకుంది.

అర్బాబ్ రాగానే నేనే చెప్పాను: "కుడివైపు కొలవలేదు. తప్పు నాదే. కోయలేదు, మడిచాను."

అతను మోకాళ్ల మీద కూచుని అంచు వెంట వేలు నడిపాడు. నలుగురిలో ముగ్గురిని ఎక్కమని, నాకు వెనక కుడి సీటు చూపించాడు. "బాబా, నువ్విక్కడ."

సరిగ్గా ఆ చక్రం మీద. మొదటి స్పీడ్ బ్రేకర్ దాటింది. చప్పుడు లేదు.

"రెండోది పెద్దది" అన్నాడు, అద్దంలో నన్నే చూస్తూ.

చెవి కిందికి పెట్టి, ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. దబ్బున ఎగిరి దిగాం. ఏ చప్పుడూ లేదు. అర్బాబ్ నవ్వి వేగం పెంచాడు.

గ్యారేజీకి రాగానే అందరూ దిగి చాయ్‌కి పోయారు. నేను టేపు తీసుకుని కుడివైపు కొలిచాను. తర్వాత ఎడమవైపు కూడా, మళ్లీ.