రెండో బ్రేకు

ఆయన్ని వీధి వీధంతా మెత్తని మాస్టారు అనేది. కారు నడపడం నేర్పే మనిషికి ఆ పేరు రావడమంటే మాటలా? ఎదురుగా బస్సు వస్తుంటే స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకునేవాళ్ళని పక్కన పెట్టుకుని కూడా "పర్లేదండీ, నెమ్మదిగా" అనేవాడు. జనం ముక్కున వేలేసుకునేవాళ్ళు. వేరే స్కూళ్ళలో తిట్లు తిని ఏడ్చినవాళ్ళంతా చివరికి ఆయన దగ్గరే చేరేవాళ్ళు.

ఆ శాంతం సంగతి తెలియాలంటే ముందు ఆయన తండ్రి సంగతి తెలియాలి. వర్క్‌షాపులో ఫోర్‌మన్. ఇంట్లోనూ ఫోర్‌మనే. ఆయన గొంతెత్తితే పక్కింటివాళ్ళు రేడియో కట్టేసేవాళ్ళు. ఒకసారి కూరలో ఉప్పెక్కువైందని గిన్నె తీసి గోడకేసి కొట్టాడు. తల్లి నోరెత్తకుండా తడిగుడ్డతో గోడ తుడుస్తుంటే, బల్ల కింద నక్కి చూస్తున్న పిల్లాడు ఈ మనిషి పోలిక నాకు చచ్చినా రాకూడదనుకున్నాడు. అనుకున్నంతా చేశాడు కూడా. పెద్దయ్యాక ఎవరిమీదా గొంతెత్తలేదు. అంతమాత్రాన కోపం రాకుండా పోతుందా, పిచ్చి కాకపోతే! రోజూ వచ్చేది. వచ్చినప్పుడల్లా గుటుక్కున మింగేసేవాడు. మింగినదంతా కాల్లోకి దిగింది.

నేర్పే కారులో మాస్టారి వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, ప్రమాదం వస్తే తొక్కడానికి. ఈయన ప్రమాదం దాకా ఆగేవాడు కాదు. నేర్చుకునేవాళ్ళు కాస్త ఆలస్యం చేస్తే చాలు, ఒళ్ళు మండిపోయేది. పక్కవాళ్ళకు తెలియనంత సుతారంగా తన బ్రేకు నొక్కేసేవాడు. నోరు మాత్రం "బాగా ఆపారండీ" అనేది. వాళ్ళేమో నిజంగా తామే ఆపామని మురిసిపోయేవాళ్ళు. తీరా పరీక్షలో పక్కన కూర్చున్న అధికారి కాలు కదపడు, కారు ఆగదు. సగం మంది తప్పేవాళ్ళు. "ఆ అధికారి చండశాసనుడు లెండి" అని మాస్టారు ఓదార్చేవాడు. చెప్పగా చెప్పగా ఆ మాట ఆయనే నమ్మేశాడు.

కూతురూ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆ అమ్మాయి నర్సు. ఆసుపత్రి వార్డుల్లో విసిగి వేసారి, ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసుకునే ఉద్యోగం కోసం ఎన్నాళ్ళుగానో ఎదురుచూసింది. అది దొరికింది కానీ లైసెన్సు ఉండాలన్నారు. రెండుసార్లు పరీక్ష తప్పింది. మూడోసారీ తప్పితే ఇంకొకరిని తీసుకుంటామని చెప్పేశారు.

పరీక్షకు ముందురోజు స్కూలు కారు మెకానిక్ షెడ్డులో పడింది. కూతురు స్నేహితురాలి కారు అడిగి తెచ్చుకుని, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. మార్కెట్ మలుపులో ఒకావిడ పసిబిడ్డను బండిలో తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. మాస్టారి కాలు అలవాటు కొద్దీ నొక్కింది. కాలి కింద రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. కారు ముందుకే పోతోంది.

"ఆపవే! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్, బుద్ధి లేనిదానా!"

అచ్చం ఫోర్‌మన్ గొంతు. కారు బండికి జానెడు దూరంలో ఆగింది. ఆవిడ శాపనార్థాలు పెడుతూ వెళ్ళిపోయింది. కూతురు కారును పక్కకు తీసి ఆపింది. మాస్టారి కాలు ఇంకా పట్టాను నొక్కిపట్టే ఉండడం ఆమె చూసింది.

"ఏమనుకోకమ్మా, నోరు జారింది."

"నోటి సంగతి సరే నాన్నా. కాలితో ఎందుకు నొక్కావు?"

"అలవాటు."

"మన కార్లో కూడా నొక్కేవాడివా?"

ఆయన మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

"అంటే నేనెప్పుడూ ఆపనే లేదన్నమాట."

"నిన్ను తిట్టలేక, తల్లీ..."

"నాకు తిట్లు కొత్తా? పెద్ద డాక్టరు రోజూ పెడుతూనే ఉంటాడు. నామీద కోపం వచ్చేదా, లేదా? అది చెప్పు."

లేదమ్మా అనబోయాడు. ఈసారి ఆ అబద్ధాన్నే మింగేశాడు. "వచ్చేది. చాలా వచ్చేది. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదేమిటి దీనికి అనిపించేది. ఎక్కడ మా నాన్ననైపోతానో అని భయం."

"తిట్టుంటే ఆ పూట ఏడ్చేదాన్ని, మర్నాడు నేర్చుకునేదాన్ని. నా వల్ల కాదని నువ్వే తేల్చేసి, నా పని నువ్వు చేసేశావు."

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. ఎదుటివాళ్ళకు చేతకాదని తన తండ్రి అరిచి చెప్పేవాడు. తనూ జీవితమంతా అదే చెప్పాడు, చప్పుడు కాకుండా. పైగా మంచివాడన్న పేరు కూడా కొట్టేశాడు.

మర్నాడు కూతురు మూడోసారీ తప్పింది. ఒక్క పూటలో కాలికి కొత్త అలవాటు ఎక్కడొస్తుంది? ఉద్యోగం ఇంకెవరికో పోయింది.

మాస్టారు మారాడు, మారలేదనడానికి లేదు. కాళ్ళు వెనక్కి పెట్టుకుని కూర్చుని, "ఆలస్యం చేశారు, నాకు కోపమొస్తోంది. మీరే తొక్కండి" అనడం నేర్చుకున్నాడు. మొదటిసారి అని, ఏ ఏడుపో రాద్ధాంతమో వస్తుందని కాచుకున్నాడు. అవతలి మనిషి మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, బ్రేకు తొక్కి, ముందుకు సాగిపోయింది. ఇంతేనా, ఇంత మాత్రానికా ఇన్నేళ్ళు భయపడి చచ్చాను అనుకుంటే ఆయనకు ఏడుపొచ్చింది.

కూతురు వేరే స్కూల్లో చేరింది. అక్కడ నేర్పే ఆవిడది పెద్ద నోరట. క్లాసుకు బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే మాస్టారు దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడైతే సరిగ్గా నేర్పుతానమ్మా. ఒట్టు."

"తెలుసు నాన్నా. నువ్వు పక్కనుంటే నా కాలు మాత్రం నీ కాలు కోసమే చూస్తుంది" అని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.