కొబ్బరి తాడు కట్టిన ముక్కాలిపీట

మా ఊరి హాల్టులో ప్లాట్‌ఫారం ఉండేది కాదు. పట్టాల పక్కన కంకర, ఒక రేకుల షెడ్డు, అందులో టిక్కెట్లిచ్చే ఆయన. గుడివాడ నుంచి బందరు వెళ్లే ప్యాసింజరు అక్కడ ఒక్క నిమిషం ఆగేది. తొంభైల మొదట్లో నాకు బందరులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నా ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో చచ్చుబడింది. బస్సెక్కాలంటే రెండు మైళ్లు నడవాలి కాబట్టి, రైలు లేకపోతే ఉద్యోగం లేనట్టే. మొదటి రోజు రైలుపెట్టె మెట్టు నాకు అందలేదు. నేను చూస్తుండగానే రైలు వెళ్లిపోయింది.

"ఎందుకమ్మా నీకీ అవస్థ? రోజూ ఎవరో ఒకరు ఎత్తి ఎక్కించాలి," అన్నారు టిక్కెట్లాయన. మంచికే అన్నారు గానీ నాకు ఒళ్లు మండింది. ధాన్యం బస్తానా నేను, ఒకరు ఎత్తడానికి?

ఇంట్లో ముక్కాలిపీట ఉంది. నాలుగు కాళ్ల స్టూలు కంకర మీద ఊగుతుంది, మూడు కాళ్లది కుదురుగా నిలబడుతుంది. దానికి కొబ్బరి తాడు కట్టాను. పీట మీద నుంచి పెట్టెలోకెక్కి, తాడుతో పీటను పైకి లాక్కునేదాన్ని. సాయంత్రం అదే తాడుతో కిందికి దించి, దాని మీద కాలు పెట్టి దిగేదాన్ని. మొదట్లో నవ్వినవాళ్లే నెల తిరక్కుండా నాకంటే ముందు పీటెక్కడం మొదలుపెట్టారు.

తర్వాతి హాల్టులో ఒక పెద్దావిడ పెరుగు గంపతో ఎక్కేది. ఆవిడ కోసం అక్కడ కూడా పీట దించేదాన్ని. ప్లాట్‌ఫారం కావాలని ఏటా అర్జీ రాసేదాన్ని. సంతకం పెట్టనివాళ్లకు పీట లేదని బెదిరించేదాన్ని కూడా.

పదేళ్లు దాటాక మా హాల్టుకు ప్లాట్‌ఫారం వచ్చింది. ఆ పొద్దున పీటను ఇంట్లోనే వదిలేసి, చేతులూపుకుంటూ రైలెక్కాను. ఎంత గర్వమో!

తర్వాతి హాల్టులో రైలాగింది. పెద్దావిడ నెత్తిన గంపతో గుమ్మం కిందికొచ్చి, నా చేతుల వైపు చూసింది.

"పీటేదమ్మా?"

వంగి చెయ్యి చాపాను. ఆవిడ గంప దించేలోపే రైలు కదిలింది. మొదటి రోజు నేను నిలబడ్డట్టే ఆవిడ కంకర మీద నిలబడిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. మా హాల్టుకు వస్తే లైనంతటికీ వచ్చినట్టే అనుకున్నాను మరి.

ఆ మధ్యాహ్నం అన్నం క్యారేజీ విప్పకుండా మళ్లీ అర్జీ రాశాను, ఈసారి ఆ పక్క హాల్టు కోసం. మర్నాడు కొత్త ప్లాట్‌ఫారం మీద పీటతో నిలబడితే టిక్కెట్లాయన విస్తుపోయారు.

"ప్లాట్‌ఫారం వచ్చేసిందిగా, ఇంకా ఇదెందుకమ్మా?"

"మనకొచ్చింది బాబాయిగారూ," అన్నాను తాడు ముడి బిగిస్తూ. "ఆవిడకింకా రాలేదు."