లుదోవిన కలిపిన నిమ్మకాయ ఉర్రాక్

గోవాలో మా చాందోర్‌లో లుదోవిన కుట్టని పెళ్లిగౌను లేదు. ముప్ఫై ఏళ్లుగా ఊరి ఆడపిల్లల నడుములు కొలిచింది, లేసులు కుట్టింది, చర్చి గుమ్మం దాకా వెంట వెళ్లి కుచ్చెళ్లు సర్దింది. తనకు మాత్రం యాభై నాలుగొచ్చినా పెళ్లి కాలేదు. ఎందుకంటే ఏం చెప్తాం? తండ్రి మంచాన పడ్డాడు, ఆ తర్వాత తల్లి. ఇద్దర్నీ సాగనంపి తలెత్తి చూసేసరికి అడిగేవాళ్లు అయిపోయారు. అందుకని ఆమె మూతి ముడుచుకుని కూర్చున్నదీ లేదు.

అలాంటి మనిషికి ఈ ఏప్రిల్లో సంబంధం వచ్చింది. పక్కవాడలో ఎవరిస్తు అనే ఆయన ఓడల్లో ముప్ఫై ఏళ్లు వంట చేసి ఈమధ్యే ఇల్లు చేరాడు. చొక్కా కాలరు తిప్పించుకోవడానికని వచ్చాడు. తర్వాత చిరగని చొక్కాలు కూడా మోసుకొచ్చాడు. చివరికి ఒకరోజు ఉత్తి చేతులతో వచ్చి, "చొక్కాలన్నీ అయిపోయాయి లుదోవినా, ఇక నన్నే చేసుకుంటావా?" అన్నాడు.

ఆమెకు సమ్మతమే. మిషనూ, గిరాకీ ఇక్కడే ఉన్నాయి గనక పెళ్లయ్యాక అతనే ఇక్కడికి మారాలనీ అనుకున్నారు. అడ్డల్లా అతని అక్క పియెదాద్. పెళ్లి చేసుకోకుండా, తమ్ముడు సముద్రాలు తిరిగినన్నాళ్లూ ఇల్లు కాచిన మనిషి. ఆవిడ కాదంటే అతను అడుగు వెయ్యడు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ ఈవిడ ముప్పావు మొగుడు! ఆదివారం పూజ అయ్యాక ఇద్దరం వస్తున్నామని కబురొచ్చింది.

ఎండాకాలంలో ఇంటికొచ్చిన మనిషికి నిమ్మకాయ ఉర్రాక్ ఇవ్వకపోతే మా వైపు మంచినీళ్లివ్వనట్టే లెక్క. జీడిమామిడి పండ్ల రసం పులియబెట్టి మొదటిసారి కాస్తే దిగేది ఉర్రాక్. తేలికది. అరగ్లాసు తాగినా మనిషి మనిషిగానే ఉంటాడు. దాన్నే మళ్లీ కాస్తే ఫెనీ. అది బొటనవేలంత పోసినా చాలు, మోత మోగిస్తుంది. రెండూ నీళ్లలా ఉంటాయి, రెండూ పాత సోడా సీసాల్లోనే ఉంటాయి. ఏది ఏదో ముక్కుతో చెప్పాలి. ఆ ఆదివారం లుదోవినకు ముక్కు దిబ్బడ.

నిమ్మకాయల్ని బల్లమీద అరచేత్తో దొర్లించి, కోసి, గింజలు తీసి, తొక్కలోని చేదు దిగకుండా మెల్లగా పిండింది. గ్లాసుకో పచ్చిమిరపకాయ నిలువునా చీల్చి వేసింది. చిటికెడు ఉప్పు, నాలుగు ఐసుముక్కలు. చేతికందిన సీసా వంచి ధారాళంగా అరగ్లాసు పోసి, పైన నిమ్మసోడా నింపింది.

వాకిట్లో రాతి అరుగు మీద కూర్చున్న పియెదాద్ కళ్లతోనే ఇల్లు ఊడ్చేస్తోంది. "ఎక్కడ చూసినా దారప్పోగులే. రేపు మావాడి అన్నంలోనూ ఇవే కాబోలు."

"వండేది మీ తమ్ముడేనట వదినా. ఆయనే ఏరుకుంటాడులే," అంది లుదోవిన, గ్లాసులు అందిస్తూ.

ఎవరిస్తు ఒక గుక్క తాగాడు. కళ్లు గుండ్రంగా తిప్పాడు. లుదోవిన వైపు చూసి కన్ను కొట్టాడు, మళ్లీ కొట్టాడు. అక్క ముందు ఇదేం పని, సిగ్గులేని మనిషి అనుకుని ఆమె తల దించుకుంది. వంటింట్లోకి వెళ్లబోతుంటే వెనకే పరిగెత్తుకొచ్చాడు.

"ఏం పోశావే తల్లీ! అది ఉర్రాక్ కాదు, ఫెనీ!"

ఇద్దరూ పడుతూ లేస్తూ అరుగు దగ్గరికి వచ్చేసరికి పియెదాద్ గ్లాసులో పచ్చిమిరపకాయ ఒక్కటే మిగిలింది.

"వదినా, ఎండ మండిపోతోంది, కాస్త మజ్జిగ..."

"మజ్జిగ నీ పెళ్లికొడుక్కి పొయ్యి," అంది పియెదాద్. ముఖం దానిమ్మపండులా ఉంది. "నువ్విలా వచ్చి కూర్చో. నీ మీద నాకేం కోపం లేదే పిల్లా. వీడు ఓడెక్కినప్పుడల్లా వస్తాడు, వస్తాడని కూర్చున్నాను. ఓడ మీంచైతే వస్తాడు. పెళ్లాం దగ్గర్నించి ఎవడొస్తాడు చెప్పు? అంత కొంపలో ఒక్కదాన్నీ ఎవరితో పోట్లాడను?"

అని భోరుమంది. అక్క ఏడవగా ఎవరిస్తు ఎన్నడూ చూడలేదు.

లుదోవిన ఆవిడ పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంది. "పోట్లాడ్డానికి నేను లేనూ? ఈ ఇంట్లో నాలుగు గదులున్నాయి. నువ్వూ వచ్చెయ్యి వదినా. నాకూ ఒంటరిగా తిని తిని మొహం మొత్తింది."

పియెదాద్ అవుననలేదు, కాదనలేదు. ముక్కు చీదుకుని, తమ్ముడి భుజం పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ రాత్రి లుదోవినకు కంటిమీద కునుకు లేదు. కోపం లేదని తాగిన నోటితో అన్న మాట తెల్లారితే నిలుస్తుందా? ఫెనీ తాగించి నవ్వులపాలు చేసిందని తలుపు మూసుకుంటే? యాభై నాలుగేళ్లకొచ్చిన ఒక్క మంచిరోజునూ తన చేతులతోనే పారబోసుకుందా?

పొద్దున ఏడింటికి గుమ్మంలో పియెదాద్. ఒక్కతే. తల నున్నగా దువ్వుకుంది, మొహంలో ఏమీ తెలియడం లేదు.

"వదినా, తప్పయిపోయింది," అంటూ లుదోవిన ఎదురెళ్లింది. "నిన్న నేను పోసింది..."

"ఫెనీ. మా నాన్న సారా బట్టీ కాచినవాడు. గ్లాసు మూతి దాకా రాకముందే తెలిసింది నాకు."

"తెలిసీ తాగావా! ఎందుకు?"

"ఉర్రాక్‌తో ఆ మాటలు బయటికి రావు గనక," అంది పియెదాద్. "సరే, నిన్న నువ్వన్న మాట నువ్వు తాగకుండా అన్నదేగా? పద, నా మంచం పట్టే గదేదో చూపించు."

లుదోవినకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, తల్లి పోయినప్పటినుంచీ మూసి ఉంచిన తూర్పు గది తలుపులు తెరిచింది.