గాలి అని రాసిన చేయి

మా మామ మునెప్ప మేస్త్రి గడచిన సోమవారం ఉదయం కాలధర్మం చెందాడు. ఏడో తరగతికి లెక్కలు చెబుతున్న నన్ను బయటికి పిలిచి, "వాద్యారే, మీ మామ పోయినాడు" అని బంధువొకడు చెప్పినప్పుడు నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. సోగత్తూరులో సున్నం తడుపుతూ కూర్చున్న మనిషి కూర్చున్నట్లే ఒరిగిపోయాడట. ఇప్పటికీ నా మనసు నమ్మడం లేదు.

ఆయన నాకు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. తమిళనాట ధర్మపురి చుట్టుపక్కల కరక్కాయ నీళ్లతో సున్నం నూరి గోడకు నునుపు తేవడంలో ఆయనకు ఆయనే సాటి. సిమెంటంటే ఆయనకు శత్రుత్వం లేదు గానీ, గౌరవమూ లేదు. "ఇల్లు గూడా ఊపిరి తీయల్లప్పా. నాలుగు పక్కలా మూసేస్తే దాన్ని ఇల్లనరు, గాదె అంటారు" అనేవాడు.

ఎనభైల మొదట్లో నాకు హోదా మీద మోజు పుట్టింది. పెంకుటింటిని విప్పి కాంక్రీటు మిద్దె వేయిస్తానన్నాను. మామ వద్దన్నాడు, నేను వినలేదు. కడకు గోడలు లేచాక ఆయనే దిగివచ్చి, కప్పు కింద ఎదురెదురు గోడల మీద నాలుగు చోట్ల బొగ్గుతో రాసి, "రాసినట్లు చేయించు" అని చెప్పి పెరియంపట్టిలో పనికి పోయాడు. మామకు తెలుగు లిపి రాదు. మా ఇళ్లలో చాలామందిలాగే తెలుగు మాటను తమిళ అక్షరాలతో రాసేవాడు. ఆ అక్షరాల్లో 'క'కూ 'గ'కూ తేడా లేదు. ఆయన రాసింది 'గాలి'. నేను చదివింది 'కాలి', అంటే తమిళంలో ఖాళీ. అక్కడ గూడూ అలమారా ఏమీ వద్దన్నాడు కాబోలనుకొని, నాలుగు చోట్లా దగ్గరుండి సిమెంటు పూయించాను.

ఆ తర్వాత మూడు వేసవులు మేం ఆ ఇంట్లో మూత పెట్టిన కుండలో ఉడికినట్లు ఉడికాం. పొగ పోయే దారి లేక నా భార్య రాజమ్మకు ఆయాసం పట్టుకుంది. పగలంతా వాకిట్లో కూర్చొని, వంటకు మాత్రం లోపలికి పోయేది. వదిలి పోదామంటే మాకు మరో ఇల్లు లేదు.

పనుల మీద తిరుగుతూ మూడేళ్లుగా ఇటు రాని మామ, కూతురి ఆయాసం సంగతి విని వచ్చాడు. గోడ తట్టి చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"నేనేం రాసినాను?"

"ఖాళీ అని."

ఆయన నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడ్డాడు. "గాలప్పా, గాలి! సరే, వదిలెయ్. వాద్యారుకే చదివేది రాలేదంటే ఊరు నవ్వుతుంది."

ఆ రోజే సుత్తి అందుకున్నాడు. నాలుగు గాలిదారులూ తెరిచాడు. సిమెంటు పూత గీకించి సున్నం పూశాడు. మిద్దె మీద మట్టికుండలు వరుసగా బోర్లించి, వాటిపై సున్నపు గచ్చు పరిచాడు. ఎండ అక్కడే ఆగిపోయింది. పొయ్యికి పొగగొట్టం పెట్టాడు. ఎన్నాళ్లకో రాజమ్మ లోపల పడుకుని నిద్రపోయింది.

"ఇది ముందే ఎందుకు చేయలేదు నాయనా?" అని ఆమె అడిగింది.

"మరిచిపోయినా తల్లీ, వయసైంది కదా" అన్నాడు, జన్మలో అబద్ధమెరుగని ఆ మనిషి. నేను పక్కనే ఉన్నాను.

ఆ మాట ఊరంతా పాకింది. "కూతురింటికే గాలి మరిచినోడు" అని నవ్వారు. పనికి పిలిచేవాళ్లు తగ్గారు. ఆయన ఒక్కనాడూ నా పేరెత్తలేదు. అంతటి ఔదార్యం నేను మరెక్కడా చూడలేదు, ఆ ఔదార్యంలోనే చిక్కుకుపోయాను. చెబుదామనుకున్న ప్రతిసారీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న అడ్డం వచ్చేది.

మూడోనాడు శ్మశానంలో పాలు పోసి వచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు కూడా ఎవరో అన్నారు: "చేయి బంగారం. కూతురింట్లో మాత్రం ఏమారినాడు." నేను తల వంచుకొని అన్నం కలుపుకున్నాను. మామ ఉన్నప్పుడు చేసింది పిరికితనం, ఆయన పోయాక చేసింది ద్రోహం.

ఇదంతా రాస్తుంటే రాజమ్మ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, ఎదుట కూర్చుంది. ఆమెకు తెలుగు చదవడం రాదు.

"మా నాయన గురించి ఏం రాస్తా ఉండారు? సదవండి, వింటాను" అంటోంది.

మామా, నీలాంటి చేయి ఇక ఈ సీమలో పుట్టదు. నీకు నేను చేయగల నివాళి ఒక్కటే. గొంతు సవరించుకొని, మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెడుతున్నాను.