గిన్నె అడుగున మిగిలింది

ఆ సాయంత్రం రైలుకు మా ప్రొఫెసరు బయలుదేరుతున్నారు. రాళ్ల వయసు లెక్కగట్టే యంత్రం వేరే ఊళ్లో ఉంది. దాని మీద మా వంతు ఏడాదికి ఒకసారి. నా రాయి ఆయనతో వెళ్లాలంటే దాన్నుంచి తీసిన జిర్కాన్ అనే బరువైన ఖనిజపు గింజలు కనీసం యాభై చూపించాలి. లేకపోతే ఆ చోటు నా సీనియర్‌ది.

సింగ్‌భూమ్ నుంచి తెచ్చిన బూడిదరంగు రాయి అది. భూమి మీద మొదట గట్టిపడింది బరువైన నల్లరాయి. అది లోతుకు దిగి మళ్లీ కరిగాక తేలికైన రాయి పుట్టింది. ఖండాలు దానితో మొదలయ్యాయి. ఆ రాయి ఎప్పుడు పుట్టిందో జిర్కాన్‌లోని యురేనియం, సీసం చెబుతాయి.

కాలేజీలో, దంచిన రాతి పొడి నుంచి బరువైన గింజలను వేరుచేసే బల్ల మోటారు కాలిపోయింది. అందుకే ఆ ఉదయమే, ఆదివారం చర్చి నుంచి రాగానే, ఖిదిర్‌పూర్‌లోని మా పోర్టు క్వార్టర్లో పొడిని అమ్మ ముందు పెట్టాను. బియ్యంలో రాళ్లు గాలించినట్టే: తేలికది నీళ్లతో పోతుంది, బరువైనది అడుగున నిలుస్తుంది. నా చేతికి ఆ ఒడుపు లేదు. కాగితం మీద రాసుకున్నాను: గిన్నె కొత్తది. నీళ్లు తాగే పంపువి, అంట్లు తోమడానికి వచ్చే వడకట్టని గంగ నీళ్లు కావు. పొడి మూడు వాయిలు.

“ఏటిరా అంత బయం? రేషన్ బియ్యం గాలించిన సెయ్యిది.”

“మనకి రాళ్లే కావాలమ్మా. పైది పారబొయ్యాలి.”

“తెలుసులేరా.”

రెండు వాయిలు బాగా వచ్చాయి. మూడో వాయి చివర, అడుగున మిగిలిన చిటికెడు ఇసుకను ఆమె అలవాటుగా తూములోకి విదిలించేసింది.

“ఓలమ్మో!” అంది అమ్మ.

బోర్లా పడుకుని తూములో ఉన్నదంతా చెంచాతో ఎత్తాను. మెతుకులు, మసి, ఏళ్లుగా పేరుకున్న గంగ ఒండ్రు. దాన్ని వేరే సీసాలో పోశాను.

కాలేజీకి వెళ్లే దారిలో, మైదానంలో పార్టీ సభ. ఎర్రజెండాల లారీల వెనక బస్సు గంటసేపు కదల్లేదు. కాలేజీలో మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాను: రెండు వాయిలవీ కలిపి ముప్పై ఎనిమిది. తూము సీసాలో కావలసినన్ని. కానీ గంగ ఒండ్రులోనూ జిర్కాన్‌లుంటాయి, హిమాలయాల నుంచి కొట్టుకొచ్చినవి. పన్నెండు ఏరితే చాలు, ఎవరికీ తెలియదు. సూది పట్టుకుని కూర్చున్నాను.

సూట్‌కేసుతో సార్ లోపలికి వచ్చారు. “కీ రే, హోలో?” అయిందా అని బెంగాలీలో అడిగారు.

“ముప్పై ఎనిమిది, సార్.”

“ఆ సీసా?”

“తూములోది. అందులో నా రాయిది ఏదో చెప్పలేను.”

ఆయన గడియారం చూసుకుని, సీనియర్ పొట్లం తీసుకున్నారు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. “ఎల్లిందా?”

“లేదమ్మా.”

“రాయి ఇంకా ఉందేటి?”

“అర సంచి.”

“అయితే దంచి తే. ఈసారి తూముకి గుడ్డ కడతాను.”